అన్నీ దేవ్‌నల్ గారు చూసుకుంటారు

ఈ కాలంలో మనిషికి దక్కిన గొప్ప వరం ఏమిటని నన్నడిగితే విమానం అనను, సెల్‌ఫోన్ అనను. ఒక గొయ్యి అంటాను!

నవ్వకండి. అది మామూలు గొయ్యి కాదు. కంప్యూటర్ లోపల ఉంటుంది. దానికి అడుగు లేదు. ఏం పడేసినా చప్పుడు రాదు, వాసన రాదు, ఎన్నేళ్లు పోసినా నిండదు. అందులో పడ్డదాన్ని ఎంతటి మొనగాడైనా బయటికి తీయలేడు. ఆ గోతి పేరు డెవ్ నల్.

గొయ్యితో మాకేం పనండీ అంటారా? మీకే పని! పొద్దున లేచింది మొదలు మీ చుట్టూ ఉన్న యంత్రాలు ఎన్ని మాటలు చెబుతున్నాయో గమనించారా? ఫోను తన బ్యాటరీ అయిపోవచ్చిందంటుంది. ఫ్రిజ్ తన తలుపు సరిగ్గా పడలేదంటుంది. లిఫ్టు బరువెక్కువైంది, ఎవరో ఒకరు దిగండంటుంది. అందరూ కూడబలుక్కున్నట్టు లావుగా ఉన్న ఒకాయన వైపు తిరుగుతారు. ఆయన ఏ పాపం చేశాడు?

తెలివైనవాళ్లు ఈ నసను భరించరు. డ్రైవింగ్ నేర్పే ఒకాయన నాకు బాగా తెలుసు. కారులో ఇంజిన్ లైటు ఎర్రగా వెలుగుతోందని దాని మీద నల్ల టేపు ముక్క అంటించాడు. అంతే, ఆ రోజు నుంచి కారుకు జబ్బన్నదే లేదు! మొన్న దాన్ని లారీ మీదికెక్కించి షెడ్డుకు తీసుకెళ్తున్నప్పుడు కూడా లైటు వెలగలేదు. మా పై వాటా ఆవిడ, పొగ వస్తే కూత పెట్టే డబ్బాలోంచి బ్యాటరీ తీసి గోడ గడియారంలో వేసింది. ఇప్పుడు ఆ ఇంట్లో గడియారం సరిగ్గా నడుస్తోంది, చెవులకు హాయిగా ఉంది. వంటగది గోడ కాస్త నల్లబడిందంతే.

అయితే ఈ విద్యలో వీళ్లంతా ఓనమాల దగ్గరే ఉన్నారు. పండితుడు మాత్రం మా బావ.

మా బావ ఒక రికార్డింగ్ సంస్థలో కంప్యూటర్లన్నిటికీ పెద్దదిక్కు. చూపులేని వాళ్ల కోసం పుస్తకాలు చదివి, రికార్డు చేసి పంపే సంస్థ అది. రెండు గాజు గదులు, నాలుగు బల్లలు, ఎప్పుడూ తడిగా ఉండే ఒక కాఫీ మిషను, బోర్డు మీద పెద్దక్షరాలతో ఫోన్ నంబరు. మేనేజర్ గారి కంప్యూటర్ పాస్‌వర్డ్ కూడా ఆ నంబరే. రోడ్డున పోయేవాళ్లంతా చదువుకుంటూ పోతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదని ఆయన ధీమా.

అక్కడే మా అక్క పుస్తకాలు చదువుతుంది. మా అక్క గొంతు గురించి తమ్ముణ్ణయిన నేను చెబితే బాగుండదు. ఒక్క మాట మాత్రం చెబుతాను. చూపు పోయిన ఒక టీచరమ్మ, ఉద్యోగంలోంచి ఎప్పుడో రిటైరైన మనిషి, వారం వారం ఆఫీసుకు ఫోన్ చేసి అడిగేది: "ఏమ్మా, ఆ పెద్ద నవల ఎంతవరకూ వచ్చింది? నేనుండగా పూర్తవుతుందా?"

ఆ నవల అంత పెద్దది మరి! అక్క దాన్ని నెలల తరబడి చదువుతోంది. ముసలివాళ్లకు ఒక గొంతు, చిన్నపిల్లలకు ఒక గొంతు, కోపానికి ఒకటి, జ్వరానికి ఒకటి. పూర్తయ్యాక అంతా ఒకేసారి పంపాలని అనుకున్నారు కాబట్టి, చదివిందంతా ఆఫీసులోని పెద్ద కంప్యూటర్‌లో పేరుకుంటోంది.

ఆ పేరుకున్నది పోకుండా కాపాడటం మా బావ పని. దానికాయన ఒక స్క్రిప్ట్ రాశాడు. స్క్రిప్ట్ అంటే మరేం కాదు, చేయాల్సిన పనులు వరసగా రాసి యంత్రం చేతిలో పెట్టడం. రోజూ అందరూ భోజనాలకు లేచే వేళకు అది తనంతట తానే మేల్కొంటుంది, పాస్‌వర్డ్ చెప్పి పెద్ద కంప్యూటర్ లోపలికి వెళ్తుంది, రికార్డింగులన్నీ మూటగట్టి, మూట మీద తేదీ వేసి, పక్క గదిలోని ఇంకో కంప్యూటర్‌లో దాస్తుంది (దీన్నే బ్యాకప్ అంటారు). ఎంత బుద్ధిమంతురాలు!

కానీ దానికి నోరు ఎక్కువ. పని అయ్యాక బావకు పొడుగాటి మెయిల్ పంపేది. ఈ ఫైలు తీశాను, ఆ ఫైలు పెట్టాను, ఫలానాది ముందే ఉంది కాబట్టి వదిలేశాను అంటూ. అది చాలదన్నట్టు చివర్లో ఒక హితబోధ: పాస్‌వర్డ్‌ను ఇలా అందరికీ కనపడేలా రాయడం క్షేమం కాదు, చూసుకోండి!

"నేను పుట్టించిన స్క్రిప్ట్ నాకే నీతులు చెబుతుందా?" అని బావకు ఒళ్లు మండిపోయింది. వెంటనే స్క్రిప్ట్ చివర ఒక చిన్న ముక్క తగిలించాడు. నువ్వు ఏం మాట్లాడినా, మంచైనా చెడైనా, తిన్నగా డెవ్ నల్‌కు పోవాలి అని దాని అర్థం. మర్నాడు మెయిల్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బావ మొహంలో అలాంటి వెలుగు పెళ్లినాడు కూడా చూడలేదని అక్క అంటుంది.

నిజానికి ఈ కిటుకు బావకు కొత్తేం కాదు. ఇంట్లో ఎప్పట్నుంచో అమల్లో ఉన్నదే. అక్క ఏం చెప్పినా "ఊఁ, మంచిది" అంటాడు. లోపలికి ఒక్క అక్షరం పోదు. ఓసారి అక్కకు అనుమానం వచ్చి, బట్టలు మడతపెడుతూ మామూలు గొంతుతో అంది: "ఏమండీ, మీ తమ్ముడు ఉద్యోగం మానేసి సర్కస్‌లో చేరాడట."

"ఊఁ, మంచిది" అన్నాడు బావ, ఫోన్లోంచి తలెత్తకుండా.

చూశారా, ఎంత ప్రశాంతమైన సంసారమో! ఇంకో ఇల్లయితే ఆ సర్కస్ గురించి ఎంత రాద్ధాంతం జరిగేది!

ఇక ఆఫీసులో ఏం జరిగిందంటే, మేనేజర్ గారు ఒకరోజు బావను ఆపి అడిగారు. "బ్యాకప్ రిపోర్టులు రోజూ వస్తున్నాయా?"

"వస్తున్నాయండీ. డెవ్ నల్‌కు పోతున్నాయి."

"దేవ్‌నల్ గారికా? హెడ్డాఫీసేనా?"

బావ ఫైలు చేత్తో పట్టుకుని హడావిడిలో ఉన్నాడు. మేనేజర్‌కు అర్థమయ్యేలా చెప్పాలంటే కుర్చీ వేసుకుని కూర్చోవాలి. "అలాంటిదేనండీ" అనేసి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి ఆఫీసులో దేవ్‌నల్ గారి మీద గౌరవం పెరిగిపోయింది. రోజూ రిపోర్టు పోతున్నా ఒక్క ప్రశ్న వేయడట! ఒక్క తప్పూ పట్టడట! ఇలాంటి పై అధికారి ఎక్కడైనా దొరుకుతాడా? మేనేజర్ గారు మీటింగులో ఆయన్ను ఆదర్శంగా చూపించారు. ఎవరైనా చిన్న సందేహం వెలిబుచ్చితే చాలు, "మీకెందుకండీ, అన్నీ దేవ్‌నల్ గారు చూసుకుంటారు" అనడం అక్కడ అలవాటైపోయింది.

ఇలా కథ సుఖంగా సాగుతుండగా అకౌంటెంట్ గారి కంప్యూటర్ మొరాయించింది. ఆయన మంచి మనిషి. భోజనం కూడా బల్ల దగ్గరే కానిస్తాడు. సరిగ్గా ఆ వేళకే రోజూ తెర నత్తనడక నడుస్తుంటే, లోపల ఏ ప్రోగ్రాం అడ్డుపడుతోందో చూసుకునే చిట్కా ఒకటి బావే ఎప్పుడో నేర్పి ఉన్నాడు కదా అని, ఎడమ చేత్తో అది కొట్టాడు. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ తెర మీద బారులు తీరాయి. అందులో, బావ ఆ కంప్యూటర్‌లోనే కూర్చోబెట్టిన స్క్రిప్ట్ కూడా ఉంది. దాని పక్కనే, అది లోపలికి వెళ్లడానికి చెబుతున్న పాస్‌వర్డ్, ఏ ముసుగూ లేకుండా దర్శనమిచ్చింది.

నాబంగారుపిచ్చుక.

మీకో సంగతి చెప్పాలి. పెళ్లయిన కొత్తలో మా బావ అక్కను పిలిచిన పేరది. తరవాత్తరవాత పిలవడం మానేశాడు. ఎందుకు మానేశాడో ఆయనకే తెలియదు. కానీ వేళ్లకు అలవాటుండిపోయింది. రోజుకు పదిసార్లు టైపు చేసేవాడు.

అకౌంటెంట్ గారు కడుపులో మాట దాచుకోగల మనిషే. ఒక్క రిసెప్షనిస్టుకు మాత్రమే చెప్పాడు. ఆ సాయంత్రం అక్క గాజు గదిలోంచి బయటికి రాగానే రిసెప్షనిస్టు నోట్లోంచి జారిపోయింది: "ఇవాళ్టికి అయిపోయిందా, పిచ్చుక మేడమ్?"

 అక్క మెడ దాకా ఎర్రబడింది.

ఇంటికెళ్లాక బావను నిలదీసింది. "ఆఫీసులో కాఫీ మిషను దాకా అందరికీ తెలిసిన పేరు, ఇంట్లో నాకు మాత్రం ఎందుకండీ వినపడదు?"

 అక్క అడిగింది ముద్దుకో మురిపానికో అన్న సంగతి ఆయన బుర్రకు తట్టనే లేదు. ఆయనకు వినపడింది ఒక్కటే: పాస్‌వర్డ్ బయటపడింది! పరువు పోయింది!

మర్నాడు పొద్దున్నే వెళ్లి పాస్‌వర్డ్ మార్చేశాడు. కొత్తదాన్ని స్క్రిప్ట్‌లో రాయకుండా విడిగా ఒక ఫైలులో పెట్టి, దానికి గట్టి తాళం వేశాడు. తాను తప్ప ఇంకెవరు తెరవబోయినా అది తెరుచుకోదు. తానే ఒకసారి స్క్రిప్ట్‌ను నడిపి చూసుకున్నాడు. భేషుగ్గా పనిచేసింది. మూట కట్టుకుంది, తేదీ పడింది. బావ చేతులు దులుపుకున్నాడు.

పాఠకుల్లో కంప్యూటర్ పని తెలిసినవాళ్లు ఈపాటికి నెత్తిన చెయ్యి పెట్టుకుని ఉంటారు. తెలియనివాళ్లకు నేను చెబుతాను. బావ నడిపితే స్క్రిప్ట్ బావ పేరుతో నడుస్తుంది. రోజూ భోజనాల వేళ తనంతట తాను లేచినప్పుడు మాత్రం 'బ్యాకప్' అనే వేరే పేరుతో నడుస్తుంది. ఆ ఏర్పాటూ బావ చేసిందే. మరి బావ తప్ప ఇంకెవరూ తెరవకూడని ఫైలును బ్యాకప్ గారు ఎలా తెరుస్తారు?

తెరవలేకపోయింది. రోజూ వచ్చి తలుపు తట్టేది. అనుమతి లేదని తాళం తోసేసేది. పాపం అది ఊరుకోలేదు, "అయ్యా, నన్ను లోపలికి రానివ్వడం లేదు" అని రోజూ మొత్తుకుంది. ఆ మొర రోజూ తిన్నగా దేవ్‌నల్ గారికి చేరింది. ఆయన యథాప్రకారం ఒక్క ప్రశ్నా వేయలేదు. మూట మీద తేదీ మాత్రం నెలల తరబడి రోజూ పడుతూనే ఉంది. లోపల సరుకు ఉందా లేదా అన్నది తేదీకి సంబంధం లేని విషయం.

ఈ మధ్యలో అక్క చెవికి ఇంకోటి తగిలింది. చెవే ఆవిడ బతుకుతెరువు కదా! "ఏమండీ, మా పెద్ద కంప్యూటర్ లోపల ఏదో గీకుతున్నట్టు శబ్దం వస్తోంది. నిన్నటికంటే ఇవాళ ఎక్కువైంది."

"ఊఁ, మంచిది" అన్నాడు బావ.

ఆఖరి అధ్యాయం చదువుదామని అక్క గాజు గదిలో కూర్చున్న రోజున, ఆ గీకుడు ఆగిపోయింది. కంప్యూటర్ కూడా ఆగిపోయింది. డిస్కు చచ్చింది!

మా బావ ఏమాత్రం కంగారు పడలేదు. అక్క బిక్కమొహం చూసి, "దీనికే ఇంత దిగులా? రోజూ మూటలు కడుతూనే ఉన్నాం" అంటూ పక్క గదికి వెళ్లాడు. మూటలు వరసగా ఉన్నాయి. పైదాన్ని విప్పాడు. ఖాళీ. పొరపాటున ఖాళీదేదో చేతికొచ్చిందనుకుని కిందది విప్పాడు. అదీ ఖాళీ. ఆ కిందది, దాని కిందది.  అచ్చంగా నిండుగా ఉన్న ఆఖరి మూట ఆయన చేత్తో నడిపి చూసుకున్నది. అందులో నవల మొదలై నాలుగు అడుగులు వేసిందంతే. మిగతాదంతా పోయింది.

మేనేజర్ గారు మాత్రం నిబ్బరంగా ఉన్నారు. "భయమెందుకండీ? దేవ్‌నల్ గారికి ఫోన్ చేయండి. రోజూ అన్నీ ఆయనకే పంపారు కదా!"

బావ ఖాళీ మూటను మూసి మళ్లీ తెరిచాడు.

"మొహమాటపడకండి, నంబరివ్వండి. నేను మాట్లాడతాను."

"ఆయన... లేరండీ" అన్నాడు బావ, నేల చూపులు చూస్తూ.

"అయ్యో! ఎప్పుడు పోయారు?"

అకౌంటెంట్ గారు తన బల్ల మీదికి వంగి నవ్వుకున్నాడు. అక్క నవ్వలేదు. గాజు గదిలోకి వెళ్లి కూర్చుని, ఆ లావుపాటి పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంది. అన్ని గొంతులు! అన్ని జ్వరాలు! అవతల ఆ టీచరమ్మకు ఏమని చెప్పాలి?

చెప్పక తప్పదు కాబట్టి చెప్పింది. టీచరమ్మ అంతా వింది. తరవాత అంది: "ఎలాగూ మళ్లీ చదువుతావు కదా, ఈసారి కాస్త నెమ్మదిగా చదువమ్మా. మొదటి అధ్యాయం ఫోన్లో వినిపించావు చూడు, నాకు గబగబా అనిపించింది. నేను ఆగుతానులే."

ఆవిడ ఆగుతానంది. కానీ ఎంతకాలం ఆగగలదో ఆవిడ చేతుల్లో ఉందా? అందుకే ఆ వారంలోనే రెండో చదువు మొదలైంది. చదువుతున్నప్పుడు గాజుకు ఇవతల ఒక మనిషి కూర్చోవాలి. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, చేతిలో ఇంకో ప్రతి పట్టుకుని, ప్రతి మాటా వినాలి. తేడా వస్తే ఆపాలి. ఆ పనికి మేనేజర్ గారు మా బావను వేశారు. పోగొట్టినవాళ్లే విని తీరాలన్నారు. దేవ్‌నల్ గారు ఎవరో తెలిశాక ఆయన కాస్త కటువుగా మాట్లాడుతున్నారు.

మొదటి రోజు బావకు నరకం కనపడింది. 'ఊఁ, మంచిది' అనడానికి వీల్లేదు! ఒక పదం జారితే వాక్యం మొత్తం మళ్లీ చదవాల్సిందే. కొన్నాళ్లకు మాత్రం చిత్రంగా హెడ్‌ఫోన్ తీయబుద్ధి కాలేదు. ఒకసారి నవలలో ఒక ముసలాయన పోయినప్పుడు బావ కళ్లద్దాలు తుడుచుకోవడం గాజులోంచి అక్క చూసింది. చూసి కూడా చూడనట్టు పేజీ తిప్పింది. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఈ గొంతును తాను విననే లేదని బావ నాతో అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది.

పాఠకులారా, ఇంత జరిగినా నేను మాట మార్చను. గొయ్యి వరమే! చెత్త పోయడానికి గొయ్యి ఉండాల్సిందే. స్క్రిప్ట్ వాగే నానా చెత్తనూ అందులో పోయండి, పాస్‌వర్డ్‌ను తాళం వేసి దాచండి, నాకు అభ్యంతరం లేదు. కానీ మనం చేస్తున్నది అది కాదే! వాగుడు ఏది, మొర ఏది అని చూసే ఓపిక లేక రెంటినీ కలిపి గోతిలో పోస్తున్నాం. పోసి, హమ్మయ్య, ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటున్నాం. నా గోడు ఇదే. గోతిని ఏమని తిట్టను? అది ఒక్కనాడైనా వింటానని మాటిచ్చిందా?

ఇక మొన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. ఆఖరి అధ్యాయం. అక్క గొంతు దించి, తీరిగ్గా చదువుతోంది: "ఆమె కిటికీ తలుపు తీసింది. వీధి చివర ఎవరో నడిచి వస్తున్నారు. దగ్గరికొచ్చాక తెలిసింది, సర్కస్‌లో చేరిన ఆమె మరిది పులిని కూడా వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు."

గాజుకు ఇవతల బావ ఉలిక్కిపడ్డాడు. పుస్తకంలో వేలు పెట్టి వెతికాడు. మీట నొక్కి మైకులో కేకేశాడు. "ఆగు, ఆగు పిచ్చుకా! ఈ వాక్యం పుస్తకంలో లేదు!"

అక్క తలెత్తింది. పుస్తకం మూసి, చెంపకు చెయ్యి ఆనించుకుని, గాజులోంచి ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపుతో బావకు అసలు సంగతి మెల్లగా వెలిగింది.

"మరిది అంటే... మా తమ్ముడా? వాడు సర్కస్‌లో చేరడమేంటి? ఎప్పుడు? నాకు చెప్పాలి కదా!"

"చెప్పానండీ" అంది అక్క. "దేవ్‌నల్ గారు చూసుకుంటారనుకున్నాను."

నవల పూర్తయింది. టీచరమ్మ వింటోంది, రోజుకు కొంచెం కొంచెం, అయిపోకుండా దాచుకుని మరీ. ఆ సర్కస్ ముక్కను మాత్రం బావ నవలలోంచి కోసేశాడు, కానీ గోతిలో పడేయలేదు. విడిగా ఒక ఫైలులో పెట్టి తాళం వేసుకున్నాడు. దాని పాస్‌వర్డ్ నేను చెప్పను, తప్పు. ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు.